మొగిలి పరిచిన మూత

రిఫాల ఒక విల్లా. వంటింట్ల ఏసీ నీళ్ళు కారుతున్నది.
నిచ్చెన మీద నేను, కింద నిలంతి.
శ్రీలంక పిల్ల, కత్తి ఆడుతున్నా చప్పుడు లేదు.
గాజర్ వేలంత, కీర వేలంత కోసి
తెల్ల పళ్ళెంల పేర్చుకుంట వోతున్నది.
నడుమ గిన్నెల తెల్లగ, మెత్తగ ఏందో.
"వెన్ననా?" అన్న పైనించి, వచ్చీరాని అరబ్బీల.
"పెరుగే. రాత్రంత ఏలాడింది."
అండ్ల ఎల్లిపాయ, ఉప్పు, నిమ్మపులుపు, ఎండు పుదీన,
ఆఖరికి ఆలివ్ నూనె ఒక్క చుట్టు.
డ్రెయిన్ పైపు ఊదుకుంట
కొలతలన్ని మనసుల రాసుకున్న.

మొగిలికి షుగరని తేలి తొమ్మిదొద్దులాయె.
క్లినిక్ కాయిదం దిండు కింద వెట్టిండు.
బువ్వ తగ్గియ్యమన్నరట.
తగ్గిచ్చి ఏం తినాలెనో ఆయిన అడగలె,
వాళ్ళు చెప్పలె.
గుదైబియాల మా రూముల ఆరుగురం.
పొద్దుమీకి గిన్నె చుట్టు కూసున్నప్పుడు
మొగిలి గోడ దిక్కు మర్రి తింటున్నడు.
ఇరవై రెండేండ్ల సంది టైల్స్ లెక్కవెట్టిన మనిషి
ఇప్పుడు మెతుకులు లెక్కవెడుతున్నడు.

బేస్తారం రాత్రి
రెండు డబ్బాల పెరుగు కొత్త దస్తీల మూటగట్టి
నల్లాకు ఏలాడదీసిన.
టప్. టప్.
కారుడు బందు చేస్తెనే నాకు జీతం.
ఇయ్యాల కారితె బాగుండునని
రెండుసార్లు లేచి చూసిన.
భూమేశ్ నిద్రల తిట్టిండు: "ఆ నల్లా కట్టెయ్యిరా!"

శుక్రారం పొద్దుగాల మనామ మార్కెట్ల
బుదయ్య తోటలకెల్లి వచ్చిన ముల్లంగి, ఇంక మట్టి తడి ఆరలే.
జర్జీర్ కట్ట, ఎర్ర క్యాప్సికం రెండు, దోసెడు చిన్న కీరలు.
గాజర్ ఆస్ట్రేలియాదట,
నాకంటె దూరంకెల్లి వచ్చింది, వీసా లేకుంట.

మంచి పళ్ళెం ఏడిది? కూర గిన్నె మూత ఎల్లెలుకల వెట్టిన.
నా కోసుడు గట్లనే ఉంటది:
ఒకటి పెన్సిలంత, ఒకటి సుత్తె కట్టెంత.
"పచ్చియేనా? మనమేమన్న మ్యాకలమా?" భూమేశ్.
"పెద్ద పెద్ద సేట్లు ఇదే తింటరు," షబ్బీర్,
"దవఖానకు గూడ వాళ్ళే వోతరు."

మొగిలి మంచం మీదికెల్లి చూసిండు.
చూసి, ఊకోలేకపోయిండు.
"గదేం పెట్టుడురా? లెవల్ లేదు, లైన్ లేదు."
తొమ్మిదొద్దులల్ల గిదే పెద్ద మాట.
దిగిండు. చేతులు కడుక్కున్నడు.
పెరుగు గిన్నెను నడిమికి జరిపి
చుట్టూ కండ్లతోనే కొలిచిండు.
గాజర్ అడ్డం, కీర నిలువు, మల్ల గాజర్.
ఒంపు కాడ వట్టని ముల్లంగిని
కట్టర్ వెట్టినట్టు ఏటవాలుగ కోసిండు.
సందులల్ల జర్జీర్ ఆకు దూర్చిండు, గ్రౌట్ లెక్క.
ఆఖరికి వేలి గెనుపుతోని తట్టి చూసిండు
లోపల బోలుగ ఉన్నదా అని.
అలవాటు.

చుట్టు నిలవడ్డం. ఎవ్వలికి చెయ్యి రాలే.
భూమేశ్ చెప్పులిడిసిండు,
ఎందుకిడిసిండో వానికే తెల్వదు.

ఈ దీవిల మొగిలి పరిచిన ఇండ్లెన్నో.
హాళ్ళు, మెట్లు, ఈతకొట్టే హౌజులు.
ఆఖరి రోజు తడిగుడ్డ వెట్టి తుడుసుకుంట
ఎనకకు ఎనకకు నడిచి, అడుగు పడకుంట
గడప దాటి తాళం చెయ్యి ఇచ్చేస్తడు.
మల్ల ఒక్క ఇంట్లకు గూడ వోలే.

జరసేపాగి, ఆయినే వంగి
నట్టనడిమి గాజర్ పీకిండు.
పెరుగుల ముంచి కొరికితె
కర్రుమన్నది, రూమంత ఇనవడ్డది.
"ఎల్లిపాయ జర ఎక్కువైంది," అన్నడు.
ఇంకోటి పీకిండు.

గప్పుడు పడ్డం అందరం.
షబ్బీర్ వేలుతోని గిన్నె ఊడ్చిండు.
మామిడికాయ తొక్కు నూనె రెండు చుక్కలేస్తెనో, అన్నడు భూమేశ్.
ఏసినం. నిలంతికి చెప్పొద్దు.

అంతల్నే మూలకు కుక్కర్ టక్కుమన్నది.
బువ్వ వాసన.
మొగిలి అటు చూసిండు. మేం మొగిలిని చూసినం.
"జర ఉండనియ్యిరి," అన్నడు,
మూత మీద మిగిలిన ఒక్క ముల్లంగి ముక్కను
అంచుకు జరిపి
లెవల్ జేసుకుంట.